చీరకెక్కాల్సిన పాలపిట్ట

ముప్పయ్యేళ్ళుగా నా నోటి వెంట అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన మాట "కదలకండి". తెనాల్లో పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ని. పెళ్ళికొడుకు తాతగారి దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అందరికీ ఆ మాటే చెప్పి బతికాను. అలాంటివాణ్ణి యాభై దాటాక ఎగిరే పిట్టల ఫొటోల పిచ్చిలో పడ్డాను. పాత స్టూడియో లైట్లు అమ్మేసి మూరెడు పొడవున్న టెలిఫొటో లెన్సు కొన్నాను. మా ఆవిడ దానికి ఫిరంగి అని పేరు పెట్టింది. "ఆ ఫిరంగితో ఇవాళ ఏం కూల్చుకొచ్చారు?" అని అడుగుతుంది. నిజం చెప్పాలంటే చాలా రోజులు ఖాళీ ఆకాశమే తెచ్చేవాణ్ణి.

నా పిచ్చి సంగతి ఎలా తెలిసిందో గానీ ఒకరోజు నర్సింహ ఫోన్ చేశాడు. పదిహేనేళ్ళపాటు పోచంపల్లి చీరల మూట భుజాన వేసుకుని మా ఊరు తిరిగినవాడు. ఎండపూట మా స్టూడియో వరండాలోనే నడుం వాల్చేవాడు. ఇప్పుడు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సొంతంగా చిన్న చీరల కొట్టు పెట్టుకున్నాడు.

"అన్నా, మా అక్కకు పాలపిట్ట ఫొటో గావాలె. కూసున్నది గాదు, ఎగిరేది. రెక్క మంచిగ ఇప్పి ఉండాలె. వచ్చే సోమారం పొద్దుగాల కల్లా."

పాలపిట్ట మా వైపూ ఉంది. నాలుగు రోజులు చేలగట్ల వెంట తిరిగాను. కరెంటు తీగ మీద బుద్ధిమంతురాల్లా కూర్చున్నవి తప్ప ఎగిరేది ఒక్కటీ పడలేదు. కూర్చుంటే అది మట్టిరంగు పిట్ట. ఎగిరినప్పుడే ఆ నీలమంతా బయటపడుతుంది. అంతలోనే ముడుచుకుంటుంది. ఈ మాటే చెబితే నర్సింహ, "నువ్వు ఈడికి రా. నాదర్‌గుల్‌ల ఇమానాలు నేర్పే మైదానం కాడ ఎప్పుడూ ఉంటది" అన్నాడు. భాద్రపద మాసం, పెళ్ళిళ్ళు లేవు. "తెలంగాణ గొడవలు జరుగుతుంటే ఇప్పుడా వెళ్ళేది?" అని ఇంట్లో, వీధిలో, చివరికి పాలవాడు కూడా అన్నాడు. ఇంతమంది వద్దన్నాక ఇక వెళ్ళకపోతే ఎలా?

ఎల్‌బీ నగర్‌లో దిగాక

తెల్లవారుతుండగా బస్సు నన్ను ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దింపింది. మన వైపు నుంచి వెళ్ళే బస్సులు సగం మందిని అక్కడే దించేస్తాయి. పక్కనే టీ బండి కనిపిస్తే వెళ్ళి, "ఒక టీ ఇవ్వండి బాబూ, పంచదార కాస్త తక్కువ" అన్నాను. ఆ ఒక్క ముక్కతో దొరికిపోయాను.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలండి." నాకు తెలియకుండానే గొంతు తగ్గింది.

టీ అబ్బాయి నవ్వాడు. "గట్ల బుగులుపడుతరేంది సార్? మా వదినది గుంటూరే. చాయ్ తాగుండ్రి. రేపు, ఎల్లుండి మాత్రం బంద్. బండ్లు నడువయి. పనేమన్న ఉంటే ఇయ్యాలనే చూసుకోండ్రి."

టీ ఆరు రూపాయలు. మా ఊళ్ళో ఐదే, గ్లాసు కూడా పెద్దది. ఇక్కడ గ్లాసు చిన్నది గానీ చిక్కదనం రెండింతలు. అందులో ఉప్పగా, తియ్యగా ఉండే బిస్కట్ ముంచుకుని తింటారు. నాకిదే నచ్చింది, మా ఊళ్ళో ఎవరికీ చెప్పకండి. రెండో గ్లాసు సగంలో ఉండగా నర్సింహ స్కూటర్ మీద వచ్చి, అంతమందిలో నన్ను కావలించుకున్నాడు. మిగిలిన టీ నా చొక్కా తాగింది.

దిల్‌సుఖ్‌నగర్, పై గది

కొట్లన్నీ దాటి సందులోకి తిరిగితే మెట్లు, మెట్లెక్కితే గది. గదిలో సగం చోటు ఒక చెక్క చట్రానిదే. దానికి విసనకర్ర విప్పినట్టు దారం సాగదీసి ఉంది. దాని ముందు నర్సింహ అక్క లక్ష్మమ్మగారు కూర్చుని ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి లేవలేదు. చేతిలో ముడి సగంలో ఉంది.

"తమ్మీ, ముందు తిను. మాటలు ఆనక" అన్నారు.

సర్వపిండి పెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ కలిపి గిన్నెకే అద్ది కాల్చేది. మన తపాలచెక్కకు చెల్లెలు అనుకోండి, కాకపోతే కారంలో అక్క. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మూడో ముక్క కూడా తిన్నాను.

తర్వాత ఆవిడ పని చూపించారు. దారాన్ని నేయక ముందే గళ్ళ కాగితం మీది లెక్క ప్రకారం అక్కడక్కడా బిగించి ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. అలా రంగులద్దిన దారాన్ని నేస్తే బొమ్మ దానంతటదే తేలుతుంది. గోడకు వేలాడుతున్న చీర కొంగులో ఏనుగులు, చిలకలు ఉన్నాయి. నేను దగ్గరికెళ్ళి, మెచ్చుకోవాలనుకుని, వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది, కదిలి అంచులు అలుక్కుపోయిన ఫొటోను అన్నట్టే, "చాలా బావుందండీ, అంచులే కాస్త షేక్ అయ్యాయి" అనేశాను.

నర్సింహ తల పట్టుకున్నాడు. లక్ష్మమ్మగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"షేకు గాదు తమ్మీ. ముడి కిందికి జరంత రంగు పారుతది. ఎంత గట్టిగ కట్టినా పారుతది. గీత గీసినట్టుంటే గది మిషన్ల అచ్చు గుద్దింది. గిట్ల పారితేనే చేతి పని."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం మళ్ళీ ముడి మీదకు వంగి, అసలు సంగతి చెప్పుకొచ్చారు. నలభై ఏళ్ళుగా ఆవిడ కట్టినవన్నీ వేరేవాళ్ళు గీసిన డిజైన్లే. వాళ్ళ ఊరు పోచంపల్లిలో చేనేత సంఘంవాళ్ళు ఈ దసరాకు కొత్త డిజైన్లు అడిగారు. ఎవరు గీసినా చూస్తామన్నారు. కాగితం సోమవారం పొద్దున్నకల్లా ఇవ్వాలి.

"అన్ని చీరల్ల పిట్ట కూసోనే ఉంటది. ఎగిరే పిట్టను ఎవ్వలు కట్టలే. దసరానాడు పాలపిట్టను చూస్తె మంచిదని ఏటా చూస్త. చూసేలోపల్నే పాయె. నీలం ఎన్ని పట్టీలు, లేతది ఏడ మొదలైతది, లెక్క దొరకలె. లెక్క లేంది ముడి ఎట్ల కట్టాలె?" ఆవిడ ముడి బిగించి దారం తెంపారు. "ఒక్కటన్న నాది అనుకునేది ఉండాలె గద తమ్మీ."

అప్పటిదాకా నాకిది షికారు. ఆ మాట విన్నాక ఇక తమాషా కాదనిపించింది. "తెస్తానండి అక్కయ్యా" అని పెద్దగా మాట ఇచ్చేశాను.

మూసారాంబాగ్ వంతెన

సాయంత్రం చెయ్యి తిరగడానికి మూసారాంబాగ్ వంతెన మీదకు వెళ్ళాం. కింద మూసీ. వాసన గురించి రాయను, మీరు భోంచేసే వేళ చదువుతూ ఉండొచ్చు. కానీ పిట్టలు! తెల్ల కొంగలు గుంపులుగా నది వెంట వస్తున్నాయి. లెన్సు ఎత్తేసరికి ఒక్కటీ కనబడదు. ఆ లెన్సులోంచి చూడటమంటే గొట్టంలోంచి ఆకాశం చూడటమే. దించి చూస్తే కొంగ అక్కడే ఉంటుంది. ఎత్తితే మాయం. నలభై ఫొటోలు తీస్తే ముప్పై తొమ్మిదింట్లో ఆకాశం, ఒకదాంట్లో నర్సింహ చెవి పడ్డాయి.

వంతెన చివర మక్క కంకులు కాల్చి అమ్ముతున్నావిడ చాలాసేపు చూసి ఉండబట్టలేక పిలిచింది. "ఓ సారూ! పిట్ట ఎన్క ఉరుకుతే దొరుకుతదా? అది ఏడికి పోతదో గాడ ముందుగాలనే పెట్టు నీ గొట్టం. అదే ఒస్తది."

ముప్పయ్యేళ్ళ అనుభవం గలవాణ్ణి, ఆ అహంకారంతో కాసేపు వినలేదు. తర్వాత కొంగలు వాలే రాతి గుట్ట మీద లెన్సు నిలిపి కూర్చున్నాను. మూడోసారికి కొంగ రెక్కలు చాపుకుని సరిగ్గా నా గొట్టంలోకి వచ్చి వాలింది. ఎగిరి గంతేసి ఆవిడ దగ్గర రెండు కంకులు కొన్నాను. మా వైపు ఉప్పూ కారం రాసి ఊరుకుంటాం. ఆవిడ నిమ్మకాయ చెక్కతో గట్టిగా రుద్ది ఇచ్చింది.

శనివారం మొత్తం వాన పడింది. చీరలు సర్దుతూ, తలుపు సగం మూసిన కొట్లో కూర్చున్నాం. లక్ష్మమ్మగారు పై నుంచి రెండుసార్లు కిందికి వచ్చి ఆకాశం చూసి వెళ్ళారు. నన్ను తిట్టినా బావుండేది.

రోడ్డు మీద బువ్వ

ఆదివారం వాన వెలిసింది. ఇక ఒక్క రోజే ఉంది. పదకొండింటికి స్కూటర్ మీద బయల్దేరాం. ఎల్‌బీ నగర్ దగ్గర హైవే మీద ఒక్క లారీ లేదు. రోడ్డు మధ్యలో శామియానా వేసి, రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు ఎక్కించారు. దీన్ని వంటావార్పు అంటారు. నిరసనగా రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తింటారు.

మెడలో కండువా వేసుకున్న పొడుగాటాయన స్కూటర్ ఆపాడు. నా ఒళ్ళో సంచి తెరిచి ఫిరంగి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ప్రెస్సన్న ఒచ్చిండు! అందరు రాండ్రి!"

నేను నోరు తెరిచేలోపు ముప్పై మంది గరిటెలతో సహా వరుస కట్టారు. తీయడానికి నాకేం, కానీ చిన్న లెన్సు ఇంట్లో పడేసి వచ్చాను. ఉన్నది ఫిరంగి ఒక్కటే. వెనక్కి నడిచాను. పది అడుగులు, ఇరవై, యాభై. ఇంకా సగంమందే పడుతున్నారు. ఇంకా వెనక్కి నడిచాను.

"ఏ అన్నా! ఏడికి ఉరుకుతున్నవ్?" అంటూ ఇద్దరు నా వెంట పడ్డారు.

"పారిపోవట్లేదండీ బాబూ! దగ్గర్నుంచి తీస్తే దీంట్లో ఒక్క ముక్కు మాత్రమే పడుతుంది!" అని అరిచాను.

విన్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. శామియానా కింద నీడ. వెలుతురు చాలదని షట్టర్ వేగం బాగా తగ్గించి, అరవైలో పెట్టి, కెమెరాను రోడ్డు డివైడర్ మీద ఆనించి, అంత దూరం నుంచి నా పెళ్ళిళ్ళ గొంతు విప్పాను: "కదలకండీ!" ముప్పై మందీ బిగుసుకుపోయారు. మంచి ఫొటో వచ్చింది.

"రేపు ఏ పేపర్ల వస్తదన్నా?" అని అడిగాడు కండువా ఆయన.

అబద్ధం చెప్పొచ్చు. కానీ అందరూ జుట్టు దువ్వుకుని మరీ నిలబడ్డారు. "నేను ప్రెస్ కాదండీ. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాను. ఊరు తెనాలి. పాలపిట్ట ఫొటో కోసం వచ్చాను" అన్నాను. ఎత్తిన గరిటెలు కిందికి దిగాయి. వెనక నుంచి ఒకడు, "జై తెలంగాణ అనమను, బువ్వ పెడ్తం" అన్నాడు.

పొయ్యి దగ్గర అన్నం కలుపుతున్న బాలమణి అనే ఆవిడ గరిటె ఎత్తింది. "అన్నం కాడ షర్తులేందిరా? తినెటోని ఊరడిగి పెడ్తమా? అన్నా, నువ్వు కూసో."

హైవే మధ్య తెల్లగీత మీద కూర్చుని తిన్నాను. లారీలు పోయే చోట విస్తరి పరుచుకుని తినడం ఈ జన్మలో ఇంకెక్కడ కుదురుతుంది? మసాలా తాలింపు పెట్టి వండే బగారా అన్నం, పచ్చిపులుసు. మన పచ్చిపులుసులో కాల్చిన వంకాయ ఉంటుంది. ఇక్కడ చింతపండు నీళ్ళలో పచ్చిమిర్చి, ఉల్లిపాయ, అంతే. తాగేయొచ్చు, తాగేశాను. లేస్తూ "జై బగారా!" అన్నాను. అందరికన్నా గట్టిగా నవ్వింది షర్తు పెట్టినవాడే. ఫొటో ప్రింట్లు నర్సింహ కొట్టుకు పంపిస్తానని మాట ఇచ్చాను. పంపించాను కూడా.

నాదర్‌గుల్‌లో ఇంకో బంద్

మైదానం చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలాదారు. పేరు యేసుదాసు. "ఇమానాల ఫొటోలు తియ్యద్దు సార్" అన్నాడు ముందే. పిట్ట కోసమని చెబితే మెత్తబడ్డాడు. "పాలపిట్టనా? అగో, గా మూడో కడీ మీద. నా లెక్క దానికీ గదే డ్యూటీ."

నిజమే, కంచెకు పాతిన రాతి స్తంభాన్నే కడీ అంటున్నాడు, దాని మీద పిట్ట. ఫిరంగి ఎక్కుపెట్టాను. మక్క కంకులావిడ పాఠం గుర్తుపెట్టుకుని పక్క కడీ కూడా చూసుకున్నాను. గంట గడిచింది. పిట్ట కదల్లేదు. రెండు గంటలు. మెడ తిప్పింది. మూడు గంటలు.

"లెవ్వదు సార్" అన్నాడు యేసుదాసు తాపీగా. "ఇమానం లేసినప్పుడు సప్పుడుకు లేస్తది. ఇయ్యాల బంద్, ఇమానాలు లేవు. గది గట్లనే కూసుంటది."

"ఈ ముక్క మూడు గంటల ముందు చెప్పొచ్చు కదండీ!"

"మీరడగలే గద సార్."

జన్మంతా అందర్నీ కదలవద్దని వేధించినందుకు నాకీ శాస్తి జరగాల్సిందే. నర్సింహ విసుగెత్తి రాయి తీశాడు. యేసుదాసు చప్పున చెయ్యి పట్టుకున్నాడు. "దసరా ముంగట పాలపిట్ట మీద రాయెత్తుతవా?" నర్సింహ రాయి పడేసి, తప్పయిందని పిట్టకే దండం పెట్టాడు.

ఎండ తగ్గి మబ్బు కమ్మింది. "పోదాం అన్నా, అక్కకు నేను చెప్త" అన్నాడు నర్సింహ నీరసంగా. కెమెరా ఇంకా నా మెడలోనే ఉంది. అతను వెళ్ళి స్కూటర్‌కు కిక్ కొట్టాడు. వాన నీళ్ళు తాగిన స్కూటర్ ఢాం అని పేలింది.

పిట్ట లేచింది! మట్టిరంగంతా ఒక్కసారి నీలమైపోయింది. నేను లెన్సు పక్క కడీ వైపు తిప్పి బటన్ నొక్కి పట్టాను. ఆరు ఫొటోలు. పిట్ట వాలింది. రెక్కలు ముడిచింది. నర్సింహ, నేను, యేసుదాసు ముగ్గురం చేతులు పట్టుకుని గంతులేశాం.

తర్వాత కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. షట్టర్ వేగం అరవైలోనే ఉంది. శామియానా నీడలో తగ్గించి, మళ్ళీ పెంచడం మర్చిపోయాను. ఎగిరే పిట్టకు వెయ్యి పైన ఉండాలి. స్టూడియోలో కుర్రాళ్ళను ఇలాంటి పనికే చెడామడా తిట్టినవాణ్ణి. తిరిగొచ్చే దారంతా నర్సింహ పాటలు పాడుతున్నాడు. ఆ పాట ఆపబుద్ధి కాక నేను సంగతి దాచాను.

టీవీలో ఒక రెక్క

ఇంటికి రాగానే నర్సింహ కెమెరాకు తీగ తగిలించి టీవీలో పెట్టాడు. లక్ష్మమ్మగారు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చున్నారు. పెళ్ళికూతురి తల్లికి కూడా ఫొటోలు చూపిస్తూ నేనింత భయపడలేదు.

మొదటిది ఆకాశం. రెండోది కంచె. మూడోది తోక. నాలుగు, ఐదు మళ్ళీ ఆకాశం. ఆరో దాంట్లో పిట్ట టీవీ నిండా ఉంది. రెక్కలు పూర్తిగా విప్పింది, కానీ నీలం అంచులన్నీ పక్కకు పారిపోయాయి.

"క్షమించండి అక్కయ్యా" అన్నాను. "తప్పు నాదే. చిన్న చక్రం తిప్పడం మర్చిపోయాను. షేక్ అయింది."

ఆవిడ లేచి టీవీ దగ్గరికి వెళ్ళారు. గాజు మీద వేలు పెట్టి రెక్క మొదలు నుంచి చివరికి జరిపారు. "నీలం. లేత నీలం. మల్ల నీలం." ఇంకోసారి జరిపారు. తోక దాకా లెక్కపెట్టారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"షేకు గాదు తమ్మీ. రంగు పారింది. గీత గీసినట్టు తెచ్చి ఉంటే నేనేం జేసుకుందు? ముడిల గసొంటి గీత నిలువది. గిదైతే నిలుస్తది. నువ్వు నా పని సగం జేసుకొనే తెచ్చినవ్."

నాకు ఏడుపొచ్చింది. ఊరికే చెబుతున్నారేమో అని మొహంలోకి చూశాను. ఆవిడ అప్పటికే గళ్ళ కాగితం ముందేసుకుని పెన్సిల్ చెక్కుతున్నారు. భోజనానికి మూడుసార్లు పిలిస్తే రాలేదు. సోమవారం పొద్దున్నే కాగితం గొట్టంలా చుట్టి నర్సింహ స్కూటర్ ఎక్కి ఊరికి వెళ్ళారు. నేను ఇటు తెనాలి బస్సు ఎక్కాను.

మళ్ళీ తెనాల్లో

పది రోజులకు నర్సింహ ఫోన్ చేశాడు. "అన్నా, సంఘమోళ్ళు తీసుకున్నరు! మగ్గం ఎక్కింది!" మా ఆవిడ వద్దంటున్నా వీధి మొత్తానికి మిఠాయి పంచాను.

మాఘ మాసంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురి మేనత్తగారు ఫొటోకు వచ్చి నిలబడ్డారు. కొంగు సర్దుకుంటుంటే చూశాను. కొంగు నిండా పాలపిట్టలు. ఒక్కటీ కూర్చుని లేదు. నీలం, లేత నీలం, మళ్ళీ నీలం. అంచులన్నీ పక్కకు పారి ఉన్నాయి.

"ఈ చీర ఎక్కడిదండీ?" అన్నాను.

"పోచంపల్లిదండీ. హైదరాబాద్‌లో కొన్నాం. చిత్రం చూడండి, ఈ డిజైన్ పేరు తెనాలి పిట్టంట! గీసినావిడే పెట్టించిందంట. అక్కడివాళ్ళకు మన ఊరి పేరెందుకు నచ్చిందో మరి."

నేను చెప్పకుండా ఊరుకుంటానా? పంక్తిలో వడ్డన ఆగిపోయినా సరే, మొదటి టీ దగ్గర్నుంచి చివరి ఫొటో దాకా మొత్తం చెప్పాను. తర్వాత కెమెరా ఎత్తి, అలవాటు చొప్పున "కదలకండి" అన్నాను. ఆవిడ కదల్లేదు. నా చేతులే వణికాయి. ముప్పయ్యేళ్ళలో నేను షేక్ చేసిన పెళ్ళి ఫొటో అదొక్కటే. దాన్ని పెద్దది చేయించి స్టూడియో గోడకు తగిలించాను.